సూపర్‌వైజర్‌కు జీతం, మేస్త్రీకి కొలత

ప్రశ్న: ఇద్దరు స్నేహితులం కలిసి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకున్నాం. మూడేళ్ళుగా కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి ఫ్లాట్లు కొని, మరమ్మతులు చేయించి అమ్ముతున్నాం. ఆరు ఫ్లాట్లు అమ్మకుండా అద్దెకిచ్చాం. విదేశాల్లో ఉన్న తెలిసినవాళ్ళ ఫ్లాట్లు మరో పధ్నాలుగు చూసిపెడుతున్నాం. సైటు చూసే సూపర్‌వైజర్‌కు నెలకు 22,000 రూపాయలు ఇస్తున్నాం, కాగితం మీద మాత్రం అది కన్సల్టెన్సీ ఫీజు, అందులో పది శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తున్నాం. అద్దెలు వసూలు చేసే కుర్రాడికి 14,000. మేస్త్రీ వెంట ఎనిమిది, పది మంది వస్తారు. వాళ్ళ హాజరు మా సూపర్‌వైజరే రాసి, శనివారం బట్వాడా చేస్తాడు. పద్దులు రాసే ఆయన వారానికి రెండు రోజులు వస్తారు. బ్రోకర్లు ముగ్గురున్నారు. గత నెలలో పెయింటర్ ఒకతను నిచ్చెన మీంచి పడితే చెయ్యి విరిగింది. ఆస్పత్రి ఖర్చు 40,000 మేమే పెట్టుకున్నాం. మేస్త్రీని అడిగితే ‘సైటు మీదే కదా సార్’ అన్నాడు. అందరినీ కాంట్రాక్టు మీద పెట్టుకుంటే మనకు ఏ బాధ్యతా ఉండదని మా ఆడిటర్ అంటున్నారు. అందరినీ జీతానికి తీసుకుంటేనే మనుషులు నిలబడతారని మా బావమరిది అంటున్నాడు. ఏది సరైనది?

సమాధానం: మీ ఆడిటర్ గారూ, మీ బావమరిదీ ఇద్దరూ మనుషుల్ని లెక్కపెడుతున్నారు కానీ పనుల్ని విడదీసి చూడడం లేదు. మీ దగ్గర జరిగే పనులు రెండు రకాలు. టేపు పెట్టి కొలిచి, పూర్తయిందో లేదో కళ్ళారా చూసుకుని, డబ్బిచ్చి పంపించేయగలిగినవి కొన్ని. రోజూ మీ తరఫున ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవలసినవి, మీ డబ్బూ తాళాలూ ఒకరి చేతిలో పెట్టవలసినవి కొన్ని. మొదటి రకం పనిని గుత్తకివ్వండి, రెండో రకం పనికి జీతం ఇవ్వండి. ఈ లెక్కన మీ సూపర్‌వైజర్, అద్దెల కుర్రాడు ఉద్యోగులు కావాలి. మేస్త్రీ, పద్దులు రాసే ఆయన, బ్రోకర్లు ఇప్పుడున్నట్టు బయటివాళ్ళుగానే ఉండాలి. అయితే మేస్త్రీతో మీరు నడుపుతున్న పద్ధతి మాత్రం పూర్తిగా మారాలి, ఎందుకంటే మీ అసలు ప్రమాదం అంతా అక్కడే ఉంది.

ముందు కాగితం సంగతి చూద్దాం. కన్సల్టెంట్ అని రాసుకున్నంత మాత్రాన మనిషి కన్సల్టెంట్ అయిపోతాడన్న నమ్మకం మన వ్యాపారుల్లో చాలా గట్టిగా ఉంది, కానీ కోర్టులు ఆ పేరును పట్టించుకోవడం మానేసి దశాబ్దాలయింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే దుకాణం మీద మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన వివాదం 1973లో సుప్రీంకోర్టులో తేలింది. అక్కడి దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన గుడ్డకింత అని లెక్క. పని ఉన్నప్పుడు వచ్చేవారు, లేనప్పుడు వెళ్ళిపోయేవారు. వేరే చోట కుట్టుకోవద్దనే నియమం కూడా లేదు. అయినా కుట్టుమిషన్లు ఎక్కువగా దుకాణానివే కావడం, కుట్టు బాగోలేకపోతే విప్పి మళ్ళీ కుట్టమనే హక్కు యజమానికి ఉండడం చూసి, వాళ్ళు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. పని ఎవరి చోట జరుగుతోంది, పనిముట్లు ఎవరివి, ఎలా చేయాలో చెప్పేది ఎవరు, నష్టం వస్తే ఎవరిది, ఈ పని ఆ వ్యాపారంలో అంతర్భాగమా కాదా అన్నవి ఇప్పటికీ అడిగే ప్రశ్నలు. ఏ ఒక్కదానితోనూ తీర్పు తేలదు, అన్నీ కలిపి తూచుతారు.

ఆ తక్కెడలో మీ సూపర్‌వైజర్‌ను పెట్టి చూడండి. ఉదయం తొమ్మిదింటికి ఏ ఫ్లాటుకు వెళ్ళాలో మీరే చెబుతారు. వాడే ఫోను, బండి పెట్రోలు మీవి అయి ఉండవచ్చు. మీకు తప్ప మరెవరికీ పనిచేయడు, సెలవు కావాలంటే మిమ్మల్నే అడుగుతాడు, ఒక ఫ్లాటు మీద మీకు నాలుగు లక్షలు మిగిలినా, లక్ష పోయినా అతనికి అదే 22,000. ఇన్ని ఉండగా కన్సల్టెంట్ అన్న పదం నిలబడదు. రేపు అతనితో చెడి, అతను కార్మిక శాఖ మెట్లెక్కితే మీ ఒప్పందం మీకు రక్షణ కాదు సరికదా, తెలిసి చేశారనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

ఈ ఏర్పాటు వల్ల అతనికి జరుగుతున్న నష్టం కూడా చూడండి. ఏడాదికి 2,64,000 రూపాయల మీద పది శాతం అంటే 26,400 రూపాయలు మీరు కోసి ప్రభుత్వానికి కడుతున్నారు. అదే మొత్తం జీతంగా ఇస్తే అతనికి పన్నే పడదు కాబట్టి ఒక్క రూపాయి కూడా కోయనక్కరలేదు. ఇప్పుడు అతను రిటర్న్ వేసుకుని, వాపసు వచ్చేదాకా ఎదురుచూడాలి. వేయకపోతే ఆ డబ్బు పోయినట్టే. నెలకు 2,200 తక్కువ పడుతున్న మనిషి ఆ లోటును ఎక్కడ పూడ్చుకుంటాడో ఊహించడం కష్టం కాదు. టైల్స్ షాపులో, హార్డ్‌వేర్ కొట్లో సూపర్‌వైజర్లకు కమీషన్ ఇవ్వడం ఈ ఊళ్ళో రహస్యమేమీ కాదు కదా. మీవాడు అలా చేస్తున్నాడని నేననడం లేదు, అలా చేయక తప్పని స్థితిలో మనిషిని పెట్టకూడదని అంటున్నాను.

జీతానికి తీసుకుంటే పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), గ్రాట్యుటీ అని మెడకు చుట్టుకుంటాయన్న భయం మీ ఆడిటర్ గారి సలహా వెనుక ఉండి ఉంటుంది. అంకెలు చూస్తే ఆ భయం చిన్నదే. పీఎఫ్ తప్పనిసరి అయ్యేది 20 మంది ఉన్నప్పుడు; యజమాని వాటా 12 శాతం, చట్టప్రకారం 15,000 రూపాయల వేతనం వరకు లెక్కగడితే నెలకు 1,800. ఈఎస్‌ఐ 10 మంది నుంచి వర్తిస్తుంది, అదీ నెల వేతనం 21,000 మించని వారికి. మీ వాటా 3.25 శాతం, అతని వాటా 0.75 శాతం. అద్దెల కుర్రాడి 14,000 మీద మీకు పడేది 455 రూపాయలు. గ్రాట్యుటీ కూడా 10 మంది నుంచే. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం చొప్పున, మీ సూపర్‌వైజర్‌కు సుమారు 12,700. ఇద్దరు ఉద్యోగులున్న ఆఫీసుకు ఇవేవీ ఇప్పటికిప్పుడు తగలవు. జీతం 15,000 దాటిన వారి నుంచి నెలకు 150, 20,000 దాటితే 200 వృత్తి పన్ను కోసి కట్టడం, షాపుల చట్టం కింద నమోదు, రిజిస్టర్లు మాత్రం తప్పవు.

అసలు చిక్కు ఆ 10, 20 అనే సంఖ్యలను ఎలా లెక్కిస్తారన్న దాంట్లో ఉంది. పీఎఫ్ చట్టం గానీ ఈఎస్‌ఐ చట్టం గానీ నేరుగా పెట్టుకున్న వారితో ఆగవు. మీ పని మీద కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన వారిని కూడా ఉద్యోగులుగానే చూస్తాయి, కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమాని కట్టి, అతని బిల్లులో పట్టుకోమంటాయి. అంటే మీ ఇద్దరు ఉద్యోగులకు మేస్త్రీ వెంట వచ్చే పది మందిని కలిపితే పన్నెండు మంది. రెండు సైట్లు ఒకేసారి నడిస్తే ఇరవై రెండు. అందరినీ కాంట్రాక్టు మీద పెడితే బాధ్యత ఉండదన్న మాట ఇక్కడే తేలిపోతుంది. జీతగాళ్ళు లేని సంస్థ కూడా మేస్త్రీ మనుషుల వల్లే ఈఎస్‌ఐ పరిధిలోకి రావచ్చు. ఒకసారి వస్తే, తర్వాత మనుషులు తగ్గినా బయటికి రావడం ఉండదు. కాబట్టి ఒక్కో సైటులో ఏ రోజు ఎందరు పనిచేశారో మీ దగ్గర ఖచ్చితమైన లెక్క ఉండడం మీకే మంచిది, లెక్క లేనప్పుడు తనిఖీకి వచ్చినవారు వేసిందే లెక్క అవుతుంది.

ఇక పెయింటర్ చెయ్యి. ‘సైటు మీదే కదా’ అన్న మేస్త్రీ మాట మీకు కోపం తెప్పించినట్టుంది, కానీ అతను తెలియకుండానే చట్టాన్ని చెప్పాడు. 1923 నాటి పరిహార చట్టంలో ఒక నియమం ఉంది: ఎవరి వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కు అప్పగించారో, ఆ పనిలో కూలీకి దెబ్బ తగిలితే పరిహారం ఆ వ్యాపారి నుంచి నేరుగా అడగవచ్చు, ఇచ్చిన తర్వాత అతను కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఈ పాత చట్టం కలిసిపోయినా, సూత్రం అలాగే ఉంది. సొంతిల్లు కట్టుకునే గృహస్థుకు, మీకు తేడా ఇక్కడే. ఆయనకు ఇల్లు బాగుచేయించడం వ్యాపారం కాదు, మీకు అదే వ్యాపారం. మీ మేస్త్రీ దగ్గర రాబట్టుకునే హక్కు కాగితం మీద ఉన్నా, అతని దగ్గర ఏముంటుంది? ఒక వైబ్రేటరూ, రెండు నిచ్చెనలూ.

చెయ్యి విరగడంతో పోయింది కాబట్టి మీరు దాన్ని 40,000 రూపాయల సమస్యగా చూస్తున్నారు. అతను మూడో అంతస్తు బాల్కనీ బయటి గోడకు రంగు వేస్తూ పడి ఉంటే లెక్క వేరు. మరణానికి పరిహారం నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చవేసి కడతారు. లెక్కకు తీసుకునే వేతనానికి 15,000 పరిమితి. ముప్పై ఏళ్ళ మనిషికి గుణకం 207.98. అంటే 7,500ను దానితో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. ఒక ఫ్లాటు మీద వచ్చే లాభమంతా అందులో పోతుంది. వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ అని సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్ముతాయి. తీసుకునేటప్పుడు కాంట్రాక్టర్ మనుషులకు కూడా వర్తించేలా రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మీకు ఆ పాలసీ వల్ల పెద్దగా ఉపయోగం లేదు. దానితోపాటు మేస్త్రీ మనుషుల్లో 18 నుంచి 60 ఏళ్ళ లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్ళకు సంక్షేమ బోర్డు లేబర్ కార్డు ఉందో లేదో కనుక్కోండి. లేని వాళ్ళను ఒక రోజు మీ సూపర్‌వైజర్ వెంటబెట్టుకుని వెళ్ళి చేయిస్తే మీకు ఒక పూట పని పోతుంది, వాళ్ళ కుటుంబాలకు ఒక ఆసరా దొరుకుతుంది.

మేస్త్రీతో మీ పద్ధతి మారాలన్నాను. పేరుకు కాంట్రాక్టు, నడక మాత్రం రోజు కూలి. మీ సూపర్‌వైజర్ హాజరు రాస్తున్నాడు, మీ సూపర్‌వైజర్ ఒక్కొక్కరికీ బట్వాడా చేస్తున్నాడు, ఎవరు ఏ గదిలో పనిచేయాలో కూడా బహుశా అతనే చెబుతున్నాడు. అప్పుడు మేస్త్రీ కాంట్రాక్టర్ ఎలా అవుతాడు? మనుషుల్ని తెచ్చిపెట్టే దళారీ మాత్రమే అవుతాడు, ఆ పది మందీ నేరుగా మీ మనుషులవుతారు. పైగా రోజు కూలి మీద నడిచే పనికి తొందర ఉండదు. లప్పం ఆరలేదని ఒక రోజు, సిమెంటు రాలేదని ఒక పూట గడిచిపోతాయి, కూలి మాత్రం పడుతూనే ఉంటుంది. ఉద్యోగి ఖర్చు, కాంట్రాక్టు నిర్లక్ష్యం రెండూ కలిసి మీ నెత్తి మీద ఉన్నాయి.

కొలత మీద మాట్లాడుకోండి. రంగు చదరపు అడుగుకి ఇంత, టైల్స్ ఇంత, స్కర్టింగ్ అడుగుకి ఇంత, బాత్‌రూము ఒక్కోదానికి గుత్తగా ఇంత అని. అయితే కొలత మీద ఇచ్చినప్పుడు పని పరుగెత్తుతుంది, ఆ పరుగులో ఏది దాటిపోతుందో మీరు ముందే ఊహించి రాసుకోకపోతే నష్టం మీదే. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక పాత ఫ్లాటులో బాత్‌రూము టైల్స్ చదరపు అడుగు లెక్కన ఇచ్చాను. రెండు రోజుల్లో ముగించాడు, కీళ్ళు దారం పట్టినట్టున్నాయి, గ్రౌటింగ్ శుభ్రంగా ఉంది, డబ్బిచ్చి పంపేశాను. ఫ్లాటు అమ్మిన మూడో నెలలో కింది ఇంటావిడ ఫోన్ చేసి, సీలింగ్ మీద అరచేయంత మచ్చ పడిందని చెప్పారు. వెళ్ళి ఒక బకెట్ నీళ్ళు పోసి చూస్తే, నీళ్ళు జాలీ వైపు పోకుండా కమోడ్ వెనక మూలకు చేరి అక్కడే నిలబడ్డాయి. వాటం, అంటే నీళ్ళు జాలీ వైపు జారే వాలు, లేదు. మేస్త్రీని పిలిస్తే, ‘మీరు అడుగు లెక్కన టైల్స్ అన్నారు, వాటం గురించి మాట రాలేదు’ అన్నాడు. వినడానికి అన్యాయంగా ఉన్నా, మా ఒప్పందంలో నిజంగానే ఆ మాట లేదు. పగలగొట్టి మళ్ళీ వేయించడానికి మొదటి ఖర్చుకు రెట్టింపయింది.

అప్పటినుంచి నా కాగితంలో రేట్లకంటే పరీక్షలు ఎక్కువ ఉంటాయి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక జాలీ మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, కింది ఇంటి సీలింగ్ చూశాకే టైల్స్ మొదలుపెట్టాలి. టైల్స్ అయ్యాక బకెట్ నీళ్ళు పోస్తే ఏ మూలా నిలవకూడదు. టైల్ మీద నాణెంతో కొడితే డొల్ల శబ్దం రాకూడదు. లప్పం రెండు చేతులు (పూతలు), ప్రైమర్ ఒక చెయ్యి, రంగు రెండు చేతులు. ప్రతి చేతి తర్వాత సూపర్‌వైజర్ చూసి సంతకం పెట్టాలి. గోడ కొలతల్లో తలుపులు, కిటికీలు తీసివేయాలా వద్దా అన్నది కూడా రాసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మేస్త్రీలతో జరిగే తగాదాల్లో చాలా భాగం పని పూర్తయ్యాక, టేపు రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని నిలబడినప్పుడు ఈ కిటికీ దగ్గరే మొదలవుతాయి.

అన్ని పనులనూ కొలతకు ఇవ్వలేరన్నది కూడా గుర్తుంచుకోండి. ఇరవై ఏళ్ళ నాటి బాత్‌రూము పగలగొట్టేదాకా లోపల జీఐ పైపు ఎంత తుప్పు పట్టిందో, స్లాబు ఇనుము ఎక్కడ ఉబ్బిందో మేస్త్రీకీ తెలియదు, మీకూ తెలియదు. తెలియని పనికి గుత్త అడిగితే అతను భయం కొద్దీ ఎక్కువైనా చెబుతాడు, తక్కువ చెప్పి సగంలో వదిలేసైనా పోతాడు. అందుకని పగలగొట్టడం, చెత్త దింపడం, పాత లైన్లు తెరిచి చూడడం రోజు కూలి మీద పెట్టి, లోపల ఏముందో తేలాక మిగతా పనికి కొలత మాట్లాడుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ఆ మూడు నాలుగు రోజులకు కూడా మేస్త్రీయే తన మనుషులకు కూలి ఇవ్వాలి, మీరు మేస్త్రీకి ఇవ్వాలి. ఇచ్చాడని వారానికోసారి వాళ్ళ సంతకాలతో ఒక కాగితం తీసుకోవాలి, ఎందుకంటే అతను ఎగ్గొడితే ఆ కూలి చివరికి మీ మీదే పడుతుంది.

శనివారం బట్వాడా నగదుగా జరుగుతున్నట్టు అర్థమవుతోంది. ఒకే మనిషికి ఒకే రోజులో 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ మొత్తం ఖర్చునే ఒప్పుకోరు. మేస్త్రీకి 38,000 నోట్లు లెక్కపెట్టి ఇచ్చారంటే, ఆ 38,000 మీకు లాభం వచ్చినట్టు లెక్కేసి పన్ను కట్టమంటారు. బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో మేస్త్రీ ఖాతాకు పంపండి. మీది ఎల్‌ఎల్‌పీ కాబట్టి, ఒకసారి 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా, వ్యక్తిగా పనిచేసే మేస్త్రీకి 1 శాతం టీడీఎస్ కోయాలి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. కోయడం మరిచిపోతే ఖర్చులో 30 శాతాన్ని ఆ ఏడాదికి ఒప్పుకోరు. మేస్త్రీలు పాన్ అనగానే జంకుతారు; కోసిన ఒక్క శాతం రిటర్న్ వేస్తే తిరిగి వస్తుందని చెప్పి, మొదటి ఏడాది ఆ రిటర్న్ మీ ఆడిటర్ చేతే వేయించి పెడితే ఆ జంకు పోతుంది. అడ్వాన్స్ ఒక వారం పనికి మించి ఇవ్వకండి. ప్రతి బిల్లులో పది శాతం నిలిపి, ఒక వానాకాలం గడిచాక ఇవ్వండి.

జీఎస్టీ సంగతి చాలామందికి తట్టదు. పూర్తయిన పాత ఫ్లాటును అమ్మినప్పుడు మీరు జీఎస్టీ వసూలు చేయరు, నివాసానికి ఇచ్చిన అద్దె మీద కూడా లేదు. కాబట్టి కాంట్రాక్టర్ బిల్లులో 18 శాతం వేస్తే దాన్ని తిరిగి రాబట్టుకునే దారి లేదు, అది మీ ఖర్చే. ఆరు లక్షల మరమ్మతు మీద 1,08,000. ఏడాదికి 20 లక్షల లోపు పనిచేసే మేస్త్రీకి నమోదు అక్కరలేదు, ఉద్యోగి జీతానికి జీఎస్టీయే లేదు. ఇది చూసి పెద్ద కాంట్రాక్టర్లను పూర్తిగా వదిలేయమని కాదు. వాళ్ళు సామాను మీద కట్టిన పన్నును మినహాయించుకుని రేటు చెబుతారు, మీరు సామాను కొంటే ఆ పన్ను మీరే భరిస్తారు. అందుకే పన్నుతో సహా ఫ్లాటు మొత్తం ఖర్చు ఎంతవుతుందో పక్కపక్కన వేసి చూడాలి, వట్టి రేట్లను పోల్చకూడదు.

అద్దెల కుర్రాడి గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు, అతను ఉద్యోగే. ఇరవై ఇళ్ళ తాళాలు, ఇతరుల డబ్బు, పాత అద్దెదారు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో ఎంత పట్టుకోవాలన్న మాట, ఇవన్నీ అతని చేతిలో ఉన్నాయి. వసూలు చేసిన ఇంటికింత అని ఇవ్వడం మొదలుపెడితే సులభంగా అద్దె వచ్చే ఇళ్ళకే వెళతాడు, కుళాయి కారుతోందని ఫోన్ చేసిన ఇంటికి వెళ్ళడు. పద్దులు రాసే ఆయన నాలుగైదు చోట్ల చేస్తారు, తన కంప్యూటర్‌తో తన వేళల్లో వస్తారు కాబట్టి బయటివారే. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ పిలిచినప్పుడు వచ్చి పాయింటు లెక్కన తీసుకుని వెళ్ళేవాళ్ళు, వాళ్ళను అలాగే ఉంచండి.

బ్రోకర్లకు జీతం అన్న ఆలోచన మీ బావమరిది మాటల్లో ఉంటే దాన్ని అక్కడే ఆపండి. బ్రోకర్ విలువ అతను పదిమందితో తిరగడంలోనే ఉంది. జీతం ఇచ్చి కూర్చోబెడితే మీకు వచ్చే ఫ్లాట్ల కబుర్లు తగ్గుతాయి, కమీషన్ మాత్రం అవతలి వైపు నుంచి అతనికి వస్తూనే ఉంటుంది. ఏడాదికి 20,000 దాటిన కమీషన్ మీద 2 శాతం టీడీఎస్ కోసి, రిజిస్ట్రేషన్ రోజున ఇచ్చేయండి. ఆలస్యం చేసిన కొనుగోలుదారుకు రెండోసారి మంచి ఫ్లాటు చూపించరు. ఒక్క జాగ్రత్త: మీరు చూస్తున్న ఫ్లాటు వివరాలు మీ సూపర్‌వైజర్‌కు కూడా తెలుస్తాయి, ఉద్యోగం మానేశాక రెండేళ్ళు ఈ వ్యాపారం చేయకూడదని అతని చేత రాయించుకోవాలని మీకు అనిపించవచ్చు. అలాంటి షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ సమాచారాన్ని తన కోసం, ఇతరుల కోసం వాడకూడదన్న షరతు చెల్లుతుంది. ఉద్యోగికి ఆ షరతు సహజంగా అతుకుతుంది, కన్సల్టెంట్‌కు అతకదు.

మనుషులు నిలబడాలన్న మీ బావమరిది ఆందోళన మేస్త్రీ విషయంలో ఎక్కువ నిజం. మేస్త్రీ జీతం కోసం నిలబడడు, వరసగా పని ఉంటే నిలబడతాడు. ఈ ఫ్లాటు అయ్యేలోపు తర్వాతి ఫ్లాటు తాళం చూపించగలిగితే, చదరపు అడుగుకి రెండు రూపాయలు తక్కువైనా మీ దగ్గరే ఉంటాడు. రెండు ఫ్లాట్ల మధ్య మూడు నెలలు ఖాళీ వస్తే, మీరు ఎంత రేటిచ్చినా అప్పటికి వేరే అపార్ట్‌మెంటులో పని పట్టి ఉంటాడు. మీ అద్దె ఇళ్ళలో వాయిదా వేయగల చిన్న మరమ్మతులు, టెర్రస్ పగుళ్ళు, కాంపౌండ్ గోడలు ఆ ఖాళీ నెలలకు అట్టే పెట్టుకోండి.

సూపర్‌వైజర్‌ను ఉద్యోగిగా మార్చేటప్పుడు గత మూడేళ్ళ సంగతి ఎలాగూ వస్తుంది. కొత్త తేదీ వేసి, ఈ రోజే చేరినట్టు రాసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బ్యాంకు స్టేట్‌మెంటులో నెలనెలా పడిన 22,000 ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది. మొదట చేరిన తేదీనే చూపించి నియామక పత్రం ఇవ్వండి. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇప్పుడు ప్రతి ఉద్యోగికీ ఇవ్వాల్సిందే. రెండేళ్ళ గడువుతో నియమించుకుంటే కూడా చట్టం ఒప్పుకుంటుంది. గ్రాట్యుటీ వర్తించే సంస్థ అయితే గడువు ఉద్యోగికి ఏడాది నిండితే చాలు, అది ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం, నెల రోజుల నోటీసో నెల జీతమో ఉండాలని మన షాపుల చట్టం చెబుతుంది. దీన్ని భారంగా చూడకండి. అతను కూడా రేపటినుంచి రానని ఒక్క ఫోన్ కాల్‌తో మానేయకుండా అదే పత్రంలో నెల నోటీసు రాసుకోవచ్చు, సగం పగలగొట్టిన ఫ్లాటు చేతిలో ఉన్నప్పుడు ఆ నెల ఎంత విలువైనదో మీకు తెలుసు. హార్డ్‌వేర్ కొట్టు కమీషన్ సంగతి కూడా అందులోనే తేల్చేయండి: కొనుగోళ్ళన్నీ మీ ఖాతాలోంచి, బిల్లు మీ పేరున, కొట్టువాడు ఇచ్చే తగ్గింపు బిల్లులోనే కనబడాలి.

చివరగా ఆ పెయింటర్. మీరు కట్టిన 40,000 దయతో ఇచ్చింది కాదు. అతనికి ఈఎస్‌ఐ లేనప్పుడు వైద్యం ఖర్చు చట్టప్రకారం యజమాని వైపు నుంచి రావలసిందే. దానితో మీ లెక్క పూర్తి కాలేదు కూడా. పనిచేయలేని రోజులకు, లెక్కకు తీసుకునే నెల వేతనంలో 25 శాతాన్ని పదిహేను రోజులకోసారి ఇవ్వాలి. 15,000 పరిమితి మీద చూస్తే అది 3,750. కట్టు విప్పి మళ్ళీ బ్రష్ పట్టడానికి నెలన్నర పడితే 11,250. మేస్త్రీని వెంటబెట్టుకుని అతని ఇంటికి వెళ్ళండి, డాక్టర్ చీటీలో విశ్రాంతి ఎన్ని రోజులు రాశారో చూడండి, ఆ డబ్బు అతని సొంత ఖాతాలో వేసి, ఆస్పత్రి బిల్లుల నకళ్ళతో కలిపి ఫైలులో పెట్టుకోండి. కొత్త రేట్ల కాగితం మీద మేస్త్రీ సంతకం తీసుకోవడం ఆ తర్వాత పెట్టుకోండి. ముందు అడిగితే ఆ కాగితం దేనికోసమో అని అనుమానపడతాడు.